ఏడవని అప్పగింత

మా మరిది రామచంద్రం ఇరవై ఏళ్ళుగా నన్ను ఒకటే ప్రశ్న అడుగుతూ వచ్చాడు. "వదినె, గీ ఏడుపు పాటలతోని నీకేం పని?"

అడిగేది ఎవరంటే, ప్రతి ఆదివారం అన్నం తిని లేచింది మొదలు పొద్దుగూకేదాకా మరో ముగ్గురితో కూర్చుని పచ్చీసు ఆడే మనిషి. గవ్వలు విసరడంతో నీకేం పని అని అతన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. వారమంతా పవర్‌లూమ్‌ల చప్పుడులో నిలబడే మనిషి, ఆ ఒక్క పూట అతనిది అనుకున్నాను. నాకు మాత్రం ఒక పూట ఉండకూడదట.

నాది చాటున చేసే పనేమీ కాదు. అప్పగింతల పాటలు పోగు చేస్తాను. పెళ్ళి అయిపోయాక పిల్లను అత్తగారివాళ్ళ చేతిలో పెట్టేటప్పుడు ఆడవాళ్ళు పాడే పాటలు. అన్నీ ఒకటే కదా అంటారు, విననివాళ్ళు. ఒకటి కావు. మా సుల్తానాబాద్‌లో తల్లి మాటతో మొదలవుతుంది, చొప్పదండి వైపు మేనమామ మాటతో. కొన్ని ఇళ్ళల్లో పిల్లను తిట్టవద్దని బతిమాలుతారు. కొన్ని ఇళ్ళల్లో పిల్లకు వచ్చిన పనులన్నీ వరసగా చెబుతారు. మా నేతవాళ్ళయితే కండెలు చుట్టడం కూడా వచ్చునని కలుపుతారు. ఒకే పాట పక్క వీధిలోకి పోయేసరికి ఇంకో రాగం తిరుగుతుంది. నేను బీడీలు చుడతాను. చేతులకు పని ఉంటుంది, చెవులు ఖాళీ. ఆ ఖాళీలో ఈ పాటలు నింపుకున్నాను. ఎవరి సొమ్మూ తినలేదు.

విధవరాలు అప్పగింతల దగ్గర నిలబడకూడదన్నారు. సరే, నిలబడలేదు. వంటల దగ్గర, గోడ వెనక నిలబడ్డాను. చెవులకు అడ్డం పెట్టే నియమం ఎవరికీ తోచలేదు. విన్నది ఇంటికి వచ్చి నోటుబుక్కులో రాసుకునేదాన్ని. నాకు అక్షరాలు బడిలో రాలేదు. బీడీకట్టల మీది కాగితాలు, ఉప్పు పొట్లాలు చదవగా చదవగా వచ్చాయి. అందుకే నా రాత వంకర. వంకరగా ఉన్నా నూట ముప్పై పాటలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా నేను ఏ పందిట్లోనూ పాడలేదు. పాడనిచ్చేవాళ్ళు లేరు.

అన్నిటిలోకీ గొప్పది మరాఠీ సరిహద్దున ఉన్న బోథ్ ఊళ్ళో దొరికింది. తెలంగాణ కావాలని గొడవలు జరిగిన అరవై తొమ్మిదిలో మా చుట్టాల పిల్లవాడి పెళ్ళికి బోథ్ వెళ్ళాం. పెళ్ళి అయింది కాని బస్సులు ఆగిపోయాయి. మగపెళ్ళివారమంతా తొమ్మిది రోజులు ఆడపెళ్ళివారి ఊళ్ళోనే ఉండిపోయాం. వియ్యపురాలికి మమ్మల్ని చూస్తే తలనొప్పి వచ్చేది. నాకు మాత్రం ఆ తొమ్మిది రోజులూ పండుగ. ఆ వీధిలో జానకీబాయి అని ఒకామె ఉండేది. పత్తి పండించే రైతుల ఇంటామె. మాటల్లో సగం మరాఠీ. ఏ కులం పెళ్ళయినా ఆ వీధిలో అప్పగింతకు ఆమెనే పిలిచేవారు. ఆమె పాటలో పెళ్ళికూతురు ఏడవదు. అడుగుతుంది. తండ్రిని, అన్నను, తల్లిని, మేనమామను, వరసగా నిలబెట్టి నిలదీస్తుంది.

పందిరేసినవు బాపు పది గుంజలు నాటి
పంపేటందుకేనా ఈ పచ్చని పందిరి
నేనేడ్వ నేనేడ్వ, నేనడిగి పోత

ఇలా నలభై ఒక్క చరణాలు. నాకు తొమ్మిదో ఏట పెళ్ళి చేశారు. నా అప్పగింతలో ఏం పాడారో నాకు గుర్తు లేదు, నిద్రపోతున్న నన్ను బండిలో పడుకోబెట్టారట. మా ఆయన ఇరవై ఎనిమిదో ఏట భివండి మగ్గాలకని బొంబాయి బస్సెక్కాడు. మళ్ళీ రాలేదు, కబురు వచ్చింది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. అందుకే కాబోలు, జానకీబాయి పాట వినగానే ఒంట్లో జ్వరం వచ్చినట్టయింది.

ఎనభై అయిదులో రామచంద్రం కొడుకు రాయమల్లు దుబాయ్ నుంచి టేప్‌రికార్డర్ తెచ్చాడు. ఆ రాకలోనే భాగ్యను పెళ్ళి చేసుకుని, నాలుగు నెలలుండి తిరిగి వెళ్ళాడు. మరుసటి ఏడు ఆ టేప్‌రికార్డర్ చీరలో మూటకట్టుకుని నిర్మల్ మీదుగా బోథ్ వెళ్ళాను. జానకీబాయి అప్పటికి మంచం మీద ఉంది.

"పిల్ల లేకుంట ఎట్ల అప్పజెప్తనే బాయి," అన్నది. "గాలికి అప్పజెప్తరా ఎవరన్న?"

పక్కింటి పిల్లను కూర్చోబెడదామంటే, పెళ్ళి కాని పిల్లకు ఈ పాట ముందుగా వినిపించకూడదట. చివరికి నేనే పీట వేసుకుని కూర్చున్నాను. అరవై ఏళ్ళ విధవరాలు పెళ్ళికూతురు. ఆమె నవ్వలేదు. నా తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని చాలాసేపు ఊరుకుంది. పిల్ల ఊపిరి కుదురుకునేదాకా అలా ఉండాలి, అప్పుడే గొంతెత్తాలి, అది ఆమె పద్ధతి. నాకు మీట ఆపి పెట్టడం రాదు. అందుకని ఆ క్యాసెట్ మొదట్లో అయిదు నిమిషాలు పెరట్లో కోళ్ళ చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ తర్వాత నలభై నిమిషాల పాట.

ఏడాది తిరగకుండా జానకీబాయి పోయింది. ఆమె కోడళ్ళకు ఆ పాట రాదు. క్యాసెట్ వెనక అంచున రెండు పలుకులు ఉంటాయి, వాటిని విరిచేస్తే దాని మీద ఇంకేమీ ఎక్కదని దుకాణంలో చెప్పారు. రెండూ విరిచాను. రోజూ బీడీలు చుడుతూ వినేదాన్ని. భాగ్య పక్కన కూర్చుని చుట్టేది. విందో లేదో నేను అడగలేదు.

ఇప్పుడు జరిగింది చెబుతాను. ఎనభై ఎనిమిది, ఉగాది దాటిన తర్వాత. చొప్పదండిలో ఒక పెళ్ళికి వెళ్ళి పన్నెండు గంటల వేళ ఇంటికి వచ్చాను. అక్కడ అప్పగింతల సమయానికి మైక్ సెట్ వాడు సినిమా పాట పెట్టాడు. ఆడవాళ్ళలో ఒక్కరూ నోరు తెరవలేదు. ఆ కడుపుమంటతో వచ్చి, జానకీబాయిని విందామని రేకుపెట్టె తెరిచాను. క్యాసెట్ లేదు.

రామచంద్రం అన్నం తింటున్నాడు. "వదినె, పొద్దున లచ్చయ్య వచ్చిండు. ఇయ్యాల కరీంనగర్ కెల్లి మూడింటి బొంబాయి బస్సుకు పోతుండట, ఆడికెల్లి దుబాయ్‌కి. రాయమల్లుకు మాట పంపాలె గద. కొత్త క్యాసెట్ తెద్దామంటే దుకాణం తెరవలే. నీ పెట్టెల కెల్లి ఖాళీది ఒకటి తీసిన."

మా వైపు దుబాయ్ వెళ్ళినవాళ్ళకు ఉత్తరాలకంటే క్యాసెట్లే ఎక్కువ. ఇంటివాళ్ళంతా కూర్చుని మాట్లాడి, వెళ్ళేవాళ్ళ చేతికి ఇస్తారు.

"ఖాళీది నా పెట్టెల ఒక్కటి లేదు," అన్నాను.

"ఇన్న గద వదినె. రెండు నిమిషాలు ఇన్న. కోళ్ళు తప్ప ఏం లేవు."

"పలుకులు విరిచి ఉన్నయ్ గద దానికి. కండ్లకు కనవడలేదా?"

"కాగితం ముక్క అతికిచ్చిన. మంచిగనే ఎక్కింది."

కాగితం ముక్క అతికించాడట. తాళం వేసిన తలుపుకు కన్నం వేసి, మంచిగనే తెరుచుకుంది అన్నట్టు చెప్పాడు.

"గది జానకీబాయి పాట," అన్నాను.

"నలభై క్యాసెట్లున్నయ్ నీకు. ఒక్కటి పోతె ఏమాయె? కొడుకు మాటకంటె ఎక్కువనా గా ముసలామె ఏడుపు?"

"అది ఏడుపు గాదు."

"ఏదో ఒకటి. గడప దాటిన ఆడిపిల్లల పాటలు రోజు ఇంట్ల మోగుడు మంచిది గాదని ఎన్నిసార్లు జెప్పిన నేను?"

గడప దగ్గర భాగ్య బీడీచాట ముందు పెట్టుకుని కూర్చుంది, తల ఎత్తలేదు. పక్కన ఆమె కూతురు, రెండేళ్ళది, తునికాకు ముక్కలతో ఆడుతోంది. "నాకు తెల్వది పెద్దత్తా," అన్నది. "మామ ముందుగాల మాట్లాడి, మాట్లాడుమని నాకిచ్చి మగ్గాల కాడికి పోయిండు. ఏ క్యాసెట్టో నేను జూడలే."

"ఎంతసేపు మాట్లాడిండ్రు ఇద్దరు?"

"మామ ఓ పది నిమిషాలు. నేను ఓ పది."

లెక్క వేసుకున్నాను. మొదటి ఇరవై నిమిషాలు పోయాయి. మిగిలిన ఇరవై అయిదు ఇంకా ఆ రీలు మీద ఉన్నాయి. రాయమల్లు విని, జవాబు కూడా దాని మీదే మాట్లాడి పంపుతాడు. అందరూ అలాగే చేస్తారు. అప్పుడు అవీ పోతాయి. కాలికి చెప్పులు కూడా సరిగ్గా తొడగకుండా బస్టాండుకు నడిచాను. వెనక నుంచి రామచంద్రం, "అన్నం తిని పో వదినె, పరేషాన్ గాకు," అంటున్నాడు. పరేషాన్ చేసినవాడే.

నాకు బస్సంటే భయం. టికెట్ పోతుందని భయం, దిగేచోటు దాటిపోతుందని భయం, డ్రైవర్‌కు నిద్ర వస్తుందని భయం. ఆ రోజు ఆ భయాలన్నీ వచ్చాయి కాని వాటికి కూర్చోవడానికి చోటు దొరకలేదు, కోపం అంతా నిండి ఉంది. మధ్యలో టైరు పంక్చరైంది. కరీంనగర్ బస్టాండులో దిగేసరికి రెండు దాటి పది నిమిషాలు.

లచ్చయ్య మా పక్క ఊరివాడు. పెద్ద సూట్‌కేసు మీద కూర్చుని సోడా తాగుతున్నాడు. చుట్టూ పచ్చళ్ళ డబ్బాలు, సకినాల మూటలు, పేర్లు రాసిన పొట్లాలు.

"లచ్చయ్యా, రాయమల్లు క్యాసెట్ ఇయ్యి."

"ఏంది అవ్వా, మాట ఏమన్న మరిచిపోయిండ్రా?"

"అది నాది. నన్ను అడగకుంట ఇచ్చిండ్రు."

అతను సోడా సీసా కింద పెట్టాడు. "అవ్వా, పదకొండు మంది మాటలున్నయ్ నా సంచిల. గివన్ని అమానత్, నమ్మి చేతిల పెట్టినయ్. ఒకరి మాట ఇంకొకరికి ఇస్తనా? రేపు రాయమల్లు నా పెండ్లాం మాటేదని గల్ల పట్టుకుంటె ఏం జెప్పాలె నేను?"

"మూడు గంటలకు మల్ల నీ చేతిల పెడత. అగో, ఎదురుంగ దుకాణం. నువ్వు ఈడికెల్లి నన్ను జూసుకుంటనే ఉండు. పారిపోయే ఈడా నాది?"

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఒక కాలికే సరిగ్గా ఉన్న చెప్పు చూశాడు. సంచి విప్పి క్యాసెట్ ఇచ్చాడు. "మూడంటె మూడు అవ్వా. డ్రైవర్ జర సిడిమిడోడు."

ఎదురుగా పాటలు నింపి ఇచ్చే దుకాణం. నడిపేది బుచ్చిరాములు అనే లావుపాటి మనిషి. రెండు పెద్ద యంత్రాలను వైరుతో కలిపి, ఒకదాని నుంచి ఇంకోదానికి పాట ఎక్కిస్తాడు.

"ఏం పాటలు గావాలె అవ్వా? భక్తివా, సినిమావా?"

"గిండ్ల చివర ఒక పాట ఉంది. కొత్త దాని మీదికి ఎక్కియ్యి. జల్ది."

"ఏం పాట?"

"అప్పగింత."

అతను నవ్వాడు. "ఇంక గవెవరు పాడుతుండ్రు అవ్వా? పెండ్లిళ్ళల్ల మైక్ సెట్ నేనే పెడత. ఒక్క సినిమా పాట పెడితె మూడు నిమిషాల్ల అందరి ఏడుసుడు అయిపోతది. వియ్యపోళ్ళకు గూడ ఆరాం, బస్సు దొరుకుతది."

"నీ బిడ్డను గూడ మూడు నిమిషాల్లనే పంపినవా?" అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది. క్యాసెట్ పెట్టి మీట నొక్కాడు. రామచంద్రం గొంతు దుకాణం బయటి డబ్బాలోంచి బస్టాండంతా వినబడింది. "బిడ్డా, అందరం మంచిగున్నం." ఆపు ఆపు అన్నాను. ఇంటి మాటలు పదిమందికి పంచడానికి రాలేదు నేను. అతను వైరు మార్చి, చెవులకు పెట్టుకునేది ఒకటి నాకు ఇచ్చాడు. "ఈ మీట నొక్కితె ముందరికి ఉరుకుతది. పాట ఏడ మొదలైతదో సూసి చెప్పు." గడియారంలో రెండు ఇరవై ఐదు.

ఉరికించాను, ఆపాను. రామచంద్రం ఇంకా మాట్లాడుతున్నాడు. "అగ్రిమెంటు ఇంకో రెండేండ్లు పెంచుకో బిడ్డా. ఇప్పుడే వచ్చి ఏం జేస్తవ్? భాగ్య గూడ గదే అంటుంది."

భాగ్య ఎప్పుడన్నది? నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆమెను ఎవరూ అడగలేదు. రెండేళ్ళకు వస్తానని వెళ్ళిన మొగుడు, రెండేళ్ళు దాటి ఆరు నెలలైంది, ఎండాకాలానికి వస్తాడని ఆ పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. ఆమె పేరు పెట్టి ఆమె మొగుణ్ణి అక్కడే ఉండమంటున్నాడు ఈ మనిషి. అదీ నా పాట మీద.

మళ్ళీ ఉరికించాను, ఆపాను. తలుపు చప్పుడు. భాగ్య గొంతు. "నేను భాగ్యను. మంచిగున్న." ఆ తర్వాత ఏమీ లేదు. పిల్ల ఏదో అన్నది. మీట నొక్కబోయాను, అప్పుడు సన్నగా మొదలైంది.

పెంచుకొమ్మన్నరట పేరు నాదే జెప్పి
నన్నడిగినోళ్ళెవరొ నాకైతె తెలువదు
నేనేడ్వ నేనేడ్వ, నేనడిగి పోత

నా వేలు మీట మీదే ఉండిపోయింది. అది జానకీబాయి వరస. మాటలు మాత్రం ఏ పుస్తకంలోనూ లేనివి. పైగా తప్పు పాడుతోంది. రెండో పాదం చివర జానకీబాయి గొంతు దించదు, పైనే వదిలేస్తుంది, అడిగిన మాట ఎదుటివాడి నెత్తి మీద వేలాడాలి కాబట్టి. ఈ పిల్ల దించేస్తోంది, మామూలు ఏడుపు పాటలాగా. నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళ నుంచి పక్కన కూర్చుని ఇదేనా విన్నది? మీట నొక్కితే పది నిమిషాలు దాటిపోయి జానకీబాయి వస్తుంది. అప్పటికి రెండున్నర. ఇరవై అయిదు నిమిషాలు ఎక్కించుకుంటే మూడుకు ముందే అయిపోతుంది. అన్నీ తెలుసు.

పిల్ల నడువవట్టె, బాపెవరు అనవట్టె
బాపంటె ఏం జెప్త, డబ్బ జూపిస్తి

నిజమే. ఆ పిల్ల టేప్‌రికార్డర్‌ను బాపు అంటుంది. మేమంతా చూసి నవ్వాం. నేనూ నవ్వాను.

పందిట్ల నా చెయ్యి పట్టింది నువ్వయితె
పక్కూరి లచ్చయ్యతొ పలుకంపుతవేంది

చివరిదాకా విన్నాను. ఆమె ఆగేసరికి రెండు నలభై రెండు. టక్కుమని శబ్దం వచ్చి, వెంటనే జానకీబాయి గొంతు ఒక మాట మధ్యలోంచి ఊడిపడింది. "ఇస్తివే" అని. తల్లిని కంచం గురించి అడిగే చరణం అది. అంతకు ముందు ఉండే తండ్రి చరణాలు, అన్న చరణాలు, పద్నాలుగు, పోయాయి.

"ఇదే," అన్నాను బుచ్చిరాములుతో. "ఇక్కడికెల్లి."

"ఇంతసేపు ఏం జేసినవ్ అవ్వా? ఇగ పావుగంట గూడ లేదు. ఎంత పొడుగుంటె అంతసేపు నడవాలె, ఉరికిస్తె ఎక్కదు."

"నడిపియ్యి నువ్వు."

అతను ఇంకో చెవులది తానూ పెట్టుకున్నాడు. నాకు ఇష్టం లేదు కాని వద్దనడానికి టైము లేదు. కొంతసేపటికి, "ఈమె ఏడుస్తలేదు గదా," అన్నాడు. మేనమామను అడిగే చరణం సగంలో ఉండగా లచ్చయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"అవ్వా, డ్రైవర్ ఎక్కిండు. హారన్ గొడుతుండు."

తొమ్మిది చరణాలు ఎక్కాయి. ఇంకో పద్దెనిమిది అందులోనే ఉన్నాయి. క్యాసెట్ బయటికి తీశాను. అది నాది. నాది నేను ఉంచుకుంటే ఎవరూ దొంగ అనరు. రామచంద్రం చెప్పిన అబద్ధం కూడా నా దగ్గరే ఆగిపోతుంది. కాని ఆ పిల్ల పది నిమిషాలు ఒక్కతే కూర్చుని అడిగింది కూడా ఆగిపోతుంది. ఇంకో మాట అడగడానికి ఆమెకు మళ్ళీ ఎప్పుడు తలుపు మూసిన గది దొరుకుతుందో తెలియదు.

"రాయమల్లుకు చెప్పు," అన్నాను. "దీని మీద మల్ల మాట్లాడొద్దు. వేరే దాని మీద మాట్లాడుమను. నేను చెప్పిన్నని చెప్పు."

"చెప్త అవ్వా."

"మరువకు."

"మరువ."

పచ్చడి డబ్బాల మధ్య కుక్కుకున్నాడు. మరిచిపోతాడని నాకు తెలుసు. బస్సు కదిలింది. బొంబాయి అని రాసిన పలక వెనక అద్దం మీద చాలాదూరం కనబడింది. ఆ పలకను నేను ఇంతకు ముందు ఒకసారి చూశాను. అప్పుడు చదవడం రాదు.

ఇంటికి వచ్చేసరికి రామచంద్రం అరుగు మీద ఉన్నాడు.

"దొరికిందా వదినె?"

"కొంత."

"కొంత పాటతోని ఏం జేస్తవ్?"

"నిండు పాటతోని ఏం జేస్తవని గద ఇన్నేండ్లు అడిగినవ్. ఇప్పుడు కొంతకు గూడ అడుగుతున్నవ్. నీకు అడుగుడు దప్ప వేరే పని లేదా?"

అగ్రిమెంటు మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. మా ఆయన పోయినప్పటి నుంచి ముప్పై ఏడేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాను. అతను పొమ్మంటే ఎక్కడికి పోవాలో నాకు తెలియదు, ఆ సంగతి అతనికీ తెలుసు.

మర్నాడు రామచంద్రం పనికి పోయాక భాగ్య బీడీచాట తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఆకు కత్తిరించింది.

"ఇన్నవా పెద్దత్తా?"

"ఇన్న."

కత్తెర ఆపింది. "ఎట్ల ఇన్నవ్? నా మొగనికి చెప్పుకున్న మాట నువ్వెట్ల ఇంటవ్? మామ ఇనొద్దనే గద ఆయన పోయినంక మాట్లాడిన."

"నా పాట మీద మాట్లాడినవ్ గద."

"నీ పాటని నాకు తెలుసా? తెలిస్తె మాట్లాడుదునా? తెల్వక చేసిన దానికి నువ్వు తెలిసి చేస్తవా?"

"తప్పు పాడినవ్," అన్నాను. "రెండో పాదం కాడ గొంతు దించినవ్. ఆమె దించదు."

"దించదా? నీ బోథ్ బాయి మొగడు దుబాయ్ పోయిండా, నాకు తప్పులు వట్టెతందుకు?"

ఇద్దరం కోపంతో ఆకులు కత్తిరించాం. ఆ రోజు బీడీలు ఒక్కటీ సరిగ్గా రాలేదు. కొంతసేపటికి, అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ముందటి పద్నాలుగు చరణాలు నీకు వస్తయా?"

"వస్తయ్. రోజు పెడుతుంటివి గద. వద్దన్నా చెవుల వడ్డయ్."

"నా బుక్కుల సగం తప్పులున్నయ్. నువ్వు పాడు, నేను ఎక్కిచ్చుకుంట."

"పాడ."

"ఎందుకు పాడవ్?"

"నాకు రాత రాదు. నీకొస్తది. నేను జెప్పింది జెప్పినట్టు ఆయనకు ఉత్తరం రాయి. మామ జెప్పింది గాదు."

"క్యాసెట్ల చెప్పినవ్ గద."

"పాటనుకుంటడు. నవ్వి రూముల దోస్తులకు వినిపిస్తడు. రాసింది చదివితె నవ్వడు."

"మీ మామకు తెలిస్తె?"

"తెలిస్తె ఏమైతది? నిన్నేమన్న అంటడని భయమా? నన్నయితె ఎప్పుడూ అంటనే ఉంటడు. అడగనే అడగలే." కత్తెర చాటలో పడేసింది. "నూట ముప్పై పాటలు రాసుకున్నవ్ పెద్దత్తా. ఎవరి పెండ్లికో ఎవరో ఏడ్చినయ్. ఇంట్ల ఉన్నదాని మాట ఒక్కటి రాయరాదా?"

నా మీద ఎవరైనా అలా మాట్లాడితే ఆ పూట అన్నం ముట్టను. ఆ పిల్ల మీద కోపం వచ్చింది. దానికంటే ఎక్కువ కోపం, ఆ మాట ఆమె నోటితో చెప్పించుకున్నందుకు నా మీద వచ్చింది. లేచి వెళ్ళి నోటుబుక్కు తెచ్చాను. మధ్యలోంచి రెండు కాగితాలు చింపాను.

"చెప్పు."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఎండాకాలానికి రావాలని, అగ్రిమెంటు సంగతి తనను ఎవరూ అడగలేదని, పిల్ల టేప్‌రికార్డర్‌ను బాపు అంటోందని, ఇంకో రెండేళ్ళుంటే మనిషి వచ్చినా ఆ పిల్ల డబ్బ దగ్గరికే పోతుందని. చివర నా మాట ఒకటి కలిపాను. "నీ తండ్రి నీ భార్యను అడగలేదు. నేను ఈ ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. ఇట్లు మీ పెద్దమ్మ శంకరవ్వ." అక్షరాలు మామూలుకంటే వంకరగా వచ్చాయి. పోస్టాఫీసుకు నేనే వెళ్ళాను. డబ్బాలో వేశాక, పడిందో లేదో అని రెండుసార్లు చెయ్యి పెట్టి చూశాను.

ఇంకెవరి నోటో తెలిసేకంటే మంచిదని సాయంత్రం రామచంద్రానికి నేనే చెప్పాను.

"నా ఇంట్ల తిని నా మీదనే రాస్తివా?" అన్నాడు.

"తిన్న. బీడీలు చుట్టి తిన్న. నీ మీద రాయలే. నువ్వు చేసింది రాసిన."

"గా పాటలు ఇనుడుతోనే నీకు గీ బుద్ధి వచ్చింది."

"అయితె అవి పనికొచ్చినట్టే గద," అన్నాను.

అతను చెంబు విసిరికొట్టి బయటికి పోయాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. పొమ్మని కూడా అనలేదు. నేను మాత్రం ప్రతి రోజూ గుమ్మంలో అడుగు చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం భాగ్య చెయ్యి కడుక్కుని వచ్చి టేప్‌రికార్డర్ ముందు కూర్చుంది. కొత్త క్యాసెట్ పెట్టాను. పిల్ల వచ్చి డబ్బ మీద చెయ్యి వేసింది. పక్కకు తీసి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. భాగ్య మొదటి చరణం ఎత్తుకుంది. పందిరేసినవు బాపు, పది గుంజలు నాటి. మాట ఒక్కటి పోలేదు. రెండో పాదం చివర మళ్ళీ గొంతు దించింది.

మీట ఆపాను. "దించకు."

"నాకు గట్లనే వస్తది."

"నీకు వచ్చేది గాదు. ఆమె అడిగినట్టు అడుగు."

"ఆమె ఎట్ల అడిగిందో నువ్వు పాడి జూపియ్యి మరి. ఎన్నడన్న పాడినవా నువ్వు? వినుడేనాయె."

పాడాను. నా గొంతు ఎండిన ఆకులా ఉంది, శ్రుతి నిలవలేదు. కాని చివర దించలేదు. భాగ్య నవ్వలేదు. పిల్ల తల ఎత్తి నా నోటి వంక చూసింది.

"సరే," అన్నది భాగ్య. "నొక్కు."

నొక్కాను. ఈసారి పైనే వదిలింది.